జగర్గుండాలో చెత్త ఎక్కడుంది?

పేడ నుంచి గ్యాసు తీయాలన్న ఆలోచన ఎవరికి వచ్చినా ముందు ఒక హెచ్చవేతతోనే మొదలవుతుంది. ఊళ్లో పశువులు ఇన్ని. ఒక్కో పశువు రోజుకు వేసే పేడ సుమారు పది కిలోలు. పాతిక కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాసు. రెండు ఘనపు మీటర్లుంటే ఐదారుగురున్న ఇంటికి రెండు పూటలా వంట. ఆ లెక్కన నాలుగైదు పశువులున్న ప్రతి ఇల్లూ ఒక చిన్న గ్యాసు కంపెనీయే. నెలకు దాదాపు రెండు సిలిండర్ల విలువ చేసే ఇంధనాన్ని ఆ ఇంటివాళ్లు రోజూ కాళ్లకింద తొక్కేస్తున్నట్టే. కాయితం మీద ఈ లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ కాయితాన్ని జగర్గుండా దాకా తీసుకెళ్లినప్పుడే చిక్కొచ్చి పడుతుంది.

జగర్గుండా ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉంది. భద్రాచలం దాటి, మనవాళ్లు కుంట అని పిలుచుకునే కోంటా మీదుగా వెళ్తే దోర్నపాల్ వస్తుంది. అక్కడి నుంచి లోపలికి 56 కిలోమీటర్లు. దారిలో పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్‌నార్. ఈ పేర్లను తెలుగు పాఠకులు పేపర్లలో మృతుల సంఖ్య పక్కన చదివే ఉంటారు. 2010 ఏప్రిల్ 6న చింతల్‌నార్‌కు దగ్గర్లోని తాడ్‌మెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది మావోయిస్టుల దాడిలో చనిపోయారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర చనిపోయిన 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు ఈ రోడ్డు పనికే కాపలా కాస్తున్నారు.

అలాంటి ఊళ్లో గోబర్ గ్యాసు గొడవేమిటని అనిపించడం సహజం. కానీ పొయ్యిలోకి కట్టె తెచ్చుకోవడం ప్రాణం మీదికొచ్చే పనిగా మారిన ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. వాటిలో ఇదొకటి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక చుట్టుపక్కల పల్లెల జనాన్ని తెచ్చి ఇక్కడ శిబిరంలో పెట్టారు. చుట్టూ ముళ్లకంచె వేశారు. చాలామంది ఇళ్లు, పొలాలు, పశువులు వదిలేసి వచ్చినవాళ్లే. కొందరు అటు కాకుండా ఇటు దిగి, ఉమ్మడి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనం వాళ్లను గుత్తికోయలంటున్నాం. కంచె లోపల ఉన్నవాళ్లకు నెలల తరబడి సరిపడా రేషను ఒకేసారి, భారీ బందోబస్తు మధ్య దోర్నపాల్ నుంచి చేరేది. బియ్యం లారీలో వస్తాయి, మరి కట్టెలు? అన్నం ఉడకాలంటే ఎవరో ఒకరు, మామూలుగా ఆ ఇంటి ఆడమనిషే, కంచె దాటాలి. కంచెకు అవతల ఒకరంటే భయం, ఇవతల ఇంకొకరంటే భయం. ప్రత్యేక పోలీసు అధికారుల పేరుతో గిరిజన యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో చెప్పింది. అయితే కంచె ఒక్క తీర్పుతో కూలిపోయే వస్తువు కాదు.

ఇప్పుడు రోడ్డు పడింది. 2006లో మూతపడ్డ స్కూలు 2019లో మళ్లీ తెరుచుకుంది. 2025 మేలో బ్యాంకు శాఖ కూడా వచ్చింది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 'నియద్ నెల్లనార్' పథకం (గోండిలో 'మీ మంచి ఊరు' అని అర్థం) భద్రతా శిబిరాల చుట్టుపక్కల పల్లెలకు కరెంటు, రేషను, వంటగ్యాసు ఇస్తామంటోంది. రోడ్డు పడ్డ చోటికి పథకాలు వస్తాయి. పథకాలతో పాటు పేడ లెక్కా వస్తుంది. కాబట్టి ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో ముందే చూసుకోవడం మంచిది.

నాకు గోబర్ గ్యాసుతో చిన్నప్పటి పరిచయముంది. ఖమ్మం జిల్లాలో మా అమ్మమ్మగారి పెరట్లో ఇనప డ్రమ్ము తేలే రకం ప్లాంటు ఉండేది. గుజరాత్‌కు చెందిన జశ్‌భాయ్ పటేల్ రూపొందించగా, 1960ల నుంచి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఊరూరా ప్రచారం చేసిన నమూనా అది. పొద్దున్నే అమ్మమ్మ కొట్టంలో పేడకళ్లెత్తి తొట్టిలో వేసేది. అంతే కొలత నీళ్లు పోసి, చేత్తో పిసికి, గడ్డిపరకలు ఏరి, బెడ్డ తీసి లోపలికి వదిలేది. గాలి చొరబడని గోతిలో సూక్ష్మజీవులు ఆ పేడను తిని గ్యాసు వదులుతాయి. అందులో సగానికి కాస్త పైగా మీథేన్. డ్రమ్ము పైకి లేస్తే గ్యాసు ఉన్నట్టు, కిందికి దిగితే సాయంత్రం వంటకు కట్టెల పొయ్యే గతి. పిల్లలం ఎవరూ చూడకుండా డ్రమ్మెక్కి కూర్చుంటే వంటింట్లో మంట పెద్దదయ్యేది. తిట్లూ అదే స్థాయిలో వచ్చేవి. అవతలి గోతిలోంచి వచ్చే ముద్ద మాగాణికి ఎరువు. ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఉంటుందా అనిపించేది.

ఉంటుందని 1990ల చివర్లో తేలింది. మామయ్య ట్రాక్టరు కొన్నాడు. ఎడ్లను అమ్మేశారు. కొట్టంలో రెండు గేదెలు మిగిలాయి. రెండు గేదెల పేడతో డ్రమ్ము జానెడైనా లేచేది కాదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలై ఊళ్లోకి సిలిండర్లు రావడంతో ఇక ఎవరూ దాని వైపు చూడలేదు. తుప్పు పట్టిన డ్రమ్ము పాత ఇనుపవాడి బండెక్కింది. గోతిని పూడ్చి అమ్మమ్మ అరటి పిలకలు నాటింది. గెలలు బాగానే వేశాయి.

ప్లాంటు చెడిపోయి మూలపడలేదు. దాని కింద ఉన్న నాలుగు కాళ్లలో ఒకటి విరిగింది, అంతే. కట్టేసి మేపే పశువులు, పక్కనే నీళ్లు, రోజూ చెయ్యి పెట్టి కలిపే మనిషి, ఆ గ్యాసు తప్ప మరో సుఖమైన దారి లేకపోవడం. ఇవి నాలుగూ ఉన్నంత కాలం అది నడిచింది.

జగర్గుండా వైపు పల్లెల్లో మొదటి కాలే లేదు. కోయ, దోర్ల, ముడియా ఇళ్లలో పశువులుంటాయి, కానీ మన కొట్టంలోలా కుడితి తొట్టి ముందు నిలబడి ఉండవు. పగలంతా అడవిలో మేస్తాయి. కోతలయ్యాక మరీ స్వేచ్ఛ. ఆవును పాల కోసం పెంచడమన్నది ఇక్కడ పాత అలవాటు కాదు, ఆవు పాలు దూడకే. ఎడ్లు దుక్కికి. పాల వ్యాపారమున్న చోట పశువు ఇంటిపట్టున ఉంటుంది, పేడా ఇంటిపట్టునే పడుతుంది. ఇక్కడ రాత్రి దొడ్లో పడినంతే చేతికొస్తుంది. పది కిలోల లెక్క అక్కడే సగానికి పడిపోతుంది. ఆ సగంలోంచి ఇల్లలకడానికి కొంత, పొలానికి కొంత పోవాలి. అడవిలో పడ్డ పేడ వృథా అయిందా అంటే అదీ కాదు. ఆ నేలకు మరో ఎరువు వేసేవాళ్లెవరూ లేరు.

మిగతా 'వ్యర్థాల' సంగతీ అంతే. మనవైపు పెద్ద రైస్‌మిల్లులో ఊక వేరు, తవుడు వేరు. చిన్న హల్లర్ మరలో ధాన్యం పట్టిస్తే రెండూ కలిసిపోయి వస్తాయి, అది నేరుగా కోళ్లకో పందులకో దాణా. గడ్డి పశువులకు. సర్వే ఫారంలో 'వ్యవసాయ వ్యర్థాలు' అన్న గడి ఉంటుంది. ఇలాంటి ఇంట్లో ఆ గడిలో నిజాయితీగా రాయాలంటే సున్నా వేయాలి. చెత్త అన్నది పట్నం మాట. అన్నీ ఎక్కడో ఒకచోట వాడుకునే ఇంట్లో దానికి అర్థం లేదు. ఒక్క ఎండుటాకు మాత్రం నిజంగా మండి పోతోంది. ఇప్పపూలు ఏరుకోవడానికి వీలుగా వేసవి మొదట్లో చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. అయితే ఆకులు పోగుచేసి ఇటుకల్లా నొక్కి అమ్మడానికి అయ్యే కూలి, ఆ వేడికి వచ్చే ధరకన్నా ఎక్కువే.

ఛత్తీస్‌గఢ్ ఈ పాఠం నేర్చుకోవడానికి ప్రయత్నించలేదని చెప్పలేం. ప్రతి ప్రభుత్వమూ తనకు తోచిన రకంలో ప్రయత్నించింది. 2005లో రమణ్ సింగ్ హయాంలో బయోఫ్యూయల్ అభివృద్ధి సంస్థ పెట్టి అడవి ఆముదం (జట్రోఫా) మొక్కలు నాటించారు. ఇక డీజిల్ గల్ఫ్ నుంచి కాదు, పెరట్లోంచి వస్తుందన్నారు. ముఖ్యమంత్రి కారు దాంతో నడిచింది. రాష్ట్రంలో మిగతా కార్లు మాత్రం బంకు దగ్గరే ఆగాయి. 2020 జులై 20న, హరేలీ పండుగ నాడు, భూపేశ్ బఘేల్ ప్రభుత్వం గోధన్ న్యాయ్ యోజన మొదలుపెట్టి కిలో రెండు రూపాయలకు పేడ కొంది. ఎగతాళి చేసినవాళ్లున్నారు గానీ, పేడ పోగేసే శ్రమకు రేటు కట్టిన ప్రభుత్వం అదే అని నా అభిప్రాయం. 2021 అక్టోబరు 2న అదే పేడతో కరెంటు తీసే ప్లాంట్లూ ప్రారంభించారు. అవి దుర్గ్, బెమెతరా, రాయ్‌పూర్ జిల్లాల మైదాన గ్రామాల్లో పెట్టారన్నది గమనించాలి. అక్కడ గౌఠాన్ అనే ఊరుమ్మడి పశువుల దొడ్డిలో పేడ ఒకచోట పడుతుంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక కొనుగోళ్లు ఆగిపోయాయి.

కట్టెముక్కల్ని తక్కువ గాలిలో మండించి గ్యాసు తీసి, ఇంజను తిప్పి, పల్లెకు కరెంటిచ్చే గ్యాసిఫయర్లదీ ఇలాంటి కథే. కర్ణాటకలోని హోసహళ్లిలో బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు 1988 నుంచి అది సాధ్యమేనని చూపించారు. శాస్త్రవేత్తలు పక్కన ఉన్నంతకాలం సాధ్యమే. 2000ల మధ్యలో కేంద్రం గ్రామ ఇంధన భద్రత పథకం కింద మారుమూల పల్లెల్లో వీటిని పెట్టినప్పుడు చాలాచోట్ల మూలపడ్డాయి. యూనిట్‌కు కిలోకు పైగా కట్టె కావాలి, అదీ బాగా ఎండినది, ఒకే సైజులో కొట్టినది. తారు పేరుకుంటే విప్పి కడగాలి. చెడిపోతే మెకానిక్కు పట్నం నుంచి రావాలి. ఇంతా చేస్తే సాయంత్రం నాలుగు గంటల దీపాలకు ఇంటింటా వసూలయ్యే సొమ్ము ఆపరేటర్ జీతానికే సరిపోదు.

మరి చెత్త నుంచి ఇంధనం ఎక్కడా నిలబడలేదా? నిలబడింది. చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. బస్తర్ సరిహద్దుకు ఇవతల, భద్రాచలానికి గోదావరి అవతలి ఒడ్డున సారపాకలో ఐటీసీ కాగితం మిల్లుంది. కర్రను ఉడికించి గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రావణాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తారు. కర్రలో కాగితానికి పనికిరాని భాగమంతా అందులోనే ఉంటుంది. దాంతో ఆవిరి, కరెంటు, పైగా ఉడికించడానికి వాడిన రసాయనాలూ తిరిగొస్తాయి. పుణ్యం కోసమో పర్యావరణం కోసమో మొదలైన పని కాదిది. అలా చేయకపోతే మిల్లు గిట్టుబాటు కాదు, ఆ ద్రావణాన్ని వదిలితే నది బతకదు.

హైదరాబాద్‌లో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ది ఇంకా చిన్న ఉదాహరణ. రోజుకు పది టన్నుల దాకా కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, కూరగాయల తుక్కు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో పెట్టిన ప్లాంటు వాటి నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్ వంటకు గ్యాసు తీస్తుందని లెక్క. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో దాని ప్రస్తావన వచ్చాక అది అందరి నోటా పడింది. ప్రసంగం సంగతి ఎలా ఉన్నా, అసలు కిటుకు వేరే ఉంది. చెత్త దానంతటదే ఒకేచోట, రోజూ, తప్పకుండా పడుతుంది. దాన్ని ఎత్తించడానికి ఎలాగూ ఖర్చు పెట్టాలి. కరెంటు బిల్లు కట్టేదీ అదే మార్కెట్ కమిటీ.

దీనికి రివర్సులో నడిచిన కథ మన ఊక కరెంటుది. 1990ల చివరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, పత్తికట్టె, తుమ్మమొద్దులతో నడిచే బయోమాస్ విద్యుత్ ప్లాంట్లు వరసగా వెలిశాయి. ఒక్క మెగావాట్‌కు ఏడాదికి సుమారు పది వేల టన్నుల ముడిసరుకు కావాలి. అన్ని ప్లాంట్లూ ఒకే మిల్లుల చుట్టూ మూగేసరికి, ఎవరైనా ఎత్తుకుపోతే చాలనుకున్న ఊకకు ధర పలికింది. రైతు పొలంలో మాత్రం పత్తికట్టె ఇప్పటికీ తగలబడుతూనే ఉంది, ఎందుకంటే ఎకరానికి కాస్తంతగా చెదిరి ఉన్నదాన్ని పీకి, మోసి, లారీకెత్తే ఖర్చు ఎక్కువ. మరోవైపు 2004 మార్చిలో విద్యుత్ నియంత్రణ మండలి కొనుగోలు రేట్లు సవరించింది. ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2010 జులైలో తీర్పొచ్చింది. ధర పెరిగే ముడిసరుకుకూ ధర తగ్గే కరెంటుకూ మధ్య చాలా ప్లాంట్లు నలిగాయి. చెత్త ఉచితం అనుకుని కట్టిన ఏ లెక్కా ఐదేళ్లు నిలవదు. కొనేవాడొచ్చిన మర్నాడే అది చెత్త కాకుండా పోతుంది.

కాబట్టి జగర్గుండాలో అడగాల్సింది పశువులెన్ని అని కాదు. చెత్త దానంతటదే పోగుపడే చోటు ఎక్కడ అని. అలాంటి చోట్లు అక్కడ ఉన్నాయి. వాటిని పుట్టించింది పాత బస్తర్ కాదు, గడిచిన ఇరవై ఏళ్ల గొడవే.

మొదటిది హాస్టళ్లు. సల్వాజుడుం రోజుల్లో పల్లె స్కూళ్లు మూతపడ్డాక, సుక్మా, దంతెవాడ ప్రాంతాల్లో పిల్లల్ని రోడ్డు పక్కకు తెచ్చి వెదురుతో 'పోటా కేబిన్' బడులు కట్టారు. ఒక్కోచోట 500 మంది దాకా అక్కడే తిని, అక్కడే పడుకుంటారు. అలాంటి ఒక్క హాస్టల్‌కు లెక్క వేద్దాం. తలకు వంద గ్రాముల చొప్పున మెతుకులు, గంజి, కూరగాయ తొక్కలు అనుకుంటే రోజుకు 50 కిలోలు. వంటింటి వ్యర్థం కిలోకు పేడకన్నా రెట్టింపు గ్యాసిస్తుంది. అంటే నాలుగు ఘనపు మీటర్లు. మరుగుదొడ్లను కూడా కలిపితే మనిషికి రోజుకు 28 లీటర్లన్నది సులభ్ సంస్థ ఏళ్ల అనుభవంతో చెప్పే లెక్క. 500 మందికి 14 ఘనపు మీటర్లు. రెండూ కలిపి 18. వంటగ్యాసులో చెప్పాలంటే రోజుకు సగం సిలిండర్.

సగం సిలిండర్‌తో 500 మందికి వంట కాదు. పప్పు ఉడుకుతుంది, అన్నానికి కట్టెలు తప్పవు. మరుగుదొడ్డి గ్యాసుతో వంటా అని మొహం చిట్లించేవాళ్లూ ఉంటారు, చలికాలం స్నానాలకు నీళ్లు కాచుకోమనండి. కానీ ఈ సగం సిలిండర్ ఎవరి పశువు మీదా ఆధారపడదు, ఎవరి పొలం ఎరువునూ లాక్కోదు. సెప్టిక్ ట్యాంకు ఎలాగూ కట్టాలి. దాన్నే గాలి చొరబడని గుమ్మటంగా కడితే సరి. 1984లో వచ్చిన దీనబంధు నమూనా అలాంటిదే. ఇటుక, సిమెంటు తప్ప తుప్పు పట్టే డ్రమ్మంటూ లేదు. కావలసిందల్లా చేయి తిరిగిన ఒక మేస్త్రీ. గుమ్మటంలో వెంట్రుకంత పగులున్నా గ్యాసు నిలవదు. ఇరవై ఏళ్ల వయసున్న ఒక స్థానిక కుర్రాడికి ఆ పని నేర్పి, నెల జీతమిచ్చి, నాలుగు హాస్టళ్ల బాధ్యత అప్పగించడం పథకం కాయితాల్లో చివరి పేరాలో ఉంటుంది. నిజానికి అది మొదటి పేరా.

రెండోది, దోర్నపాల్ రోడ్డు పొడుగునా వెలిసిన భద్రతా శిబిరాలు. వందలమంది భోంచేసే మెస్సులవి. చెత్త పోగుపడుతుంది, నీళ్లుంటాయి, క్రమశిక్షణకూ లోటు లేదు. గోబర్ గ్యాసుకు ఇంతకన్నా అనువైన యజమాని దొరకడు. అక్కడ తప్పక పెట్టాలి. అయితే ఆ గ్యాసు కంచె దాటి ఊళ్లోకి రాదు. శిబిరంలో సిలిండర్ల వాడకం తగ్గిందన్న గణాంకాన్ని రేపు ఊరి అభివృద్ధి ఖాతాలో రాయకుండా ఉంటే చాలు. మూడోది వారపు సంత. ఒకప్పుడు చింతపండుకు పేరుమోసిన సంత అది. ఇంకా పుంజుకోవాలి, దాని చెత్త వారానికొకసారే గనక దాన్ని నమ్ముకుని ప్లాంటు కట్టలేం.

మరి ఇళ్ల సంగతి? అక్కడ నాకు పేడ మీద ఆశ లేదు. ఉన్న మాట చెప్పుకోవాలి. ఉజ్వల సిలిండర్ ఇంటికి చేరుతోంది, కానీ రెండో సిలిండర్‌కు డబ్బు, దాన్ని మోసుకొచ్చే దారి రెండూ కావాలి. ఏటా మిరప ఏరడానికి ఈ సుక్మా పల్లెల నుంచే కుటుంబాలు ఖమ్మం, ములుగు వైపు దిగొస్తాయి. రెండు మూడు నెలల కూలి డబ్బులో నూనె, ఉప్పు, బట్టలు పోగా మిగిలేదాంట్లోంచి రావాల్సింది ఆ రెండో సిలిండర్. ఈలోగా అడవి కట్టే పొయ్యిలోకి వస్తుంది. పొగ తక్కువ వదిలే మట్టిపొయ్యి, దగ్గర్లో ఊరి పేరున కట్టెల తోట, ఇవి గోబర్ గ్యాసంత ఆకర్షణీయమైన వార్తలు కావు. హాస్టల్ వంటశాల ఊరి అడవి నుంచి లాగే కట్టెల మోపుల్లో కొన్నయినా తగ్గితే, ఆ మేరకు ఊరి ఆడవాళ్లు నడిచే దూరం తగ్గుతుంది. హాస్టల్ గ్యాసు ఇళ్లకు చేసే సాయం అదొక్కటే.

ఇందులో పశువులున్నవాళ్లకూ చిన్న పాత్రుంది. కొత్త గుమ్మటంలో సూక్ష్మజీవులు తమంతట తాము పుట్టవు. మొదట్లో కొన్ని టన్నుల పేడతో దాన్ని నింపాలి, రెండు మూడు వారాలకు మంట అందుకుంటుంది. ఆ తర్వాత పేడతో పని లేదు. ఆ మొదటి లోడు మాత్రం ఊరివాళ్ల దొడ్లలోంచే రావాలి. దాన్ని శ్రమదానం పేరుతో ఉచితంగా ఎత్తించకుండా, తూకం వేసి కొనాలి. కిలో రెండు రూపాయలని ఆ రాష్ట్రమే ఒకసారి రేటు కట్టింది. ఐదేళ్లు దాటింది కాబట్టి కాస్త పెంచినా తప్పులేదు.